పాత టీవీని డిజిటల్ ప్రసారాలకు సిద్ధం చేసుకోవడం ఎలా

టీవీ చెడిపోలేదు, కరెంటు ఉంది, కప్పు మీద యాంటెన్నా నిలబడే ఉంది, అయినా తెర మీద చుక్కలు తప్ప బొమ్మ రావడం లేదు. పాత టీవీ వాడుతున్న పెద్దవాళ్లు ఈ మాట చెప్పినప్పుడు చాలా ఇళ్లలో మొదట వచ్చే ఆలోచన కొత్త టీవీ కొనడమే. అది తొందరపాటు. అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారినది ఇంటికి వచ్చే సంకేతం మాత్రమే. పని చేస్తున్న పిక్చర్ ట్యూబు టీవీ ఎంత పాతదైనా, దానికి సరైన సెట్‌టాప్ బాక్సు తగిలిస్తే నేటి ప్రసారాలను చూపిస్తుంది. మీ ఇంట్లోని టీవీకే కాక, ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రుల టీవీకి, చెప్పేవాళ్లు లేక ఇరుగుపొరుగువారు మూలన పెట్టేసిన టీవీకి కూడా పనికివచ్చేలా ఈ వివరాలు రాస్తున్నాను.

ఏది, ఎప్పుడు మారింది

మన దేశంలో ఈ మార్పు రెండు దారుల్లో వేర్వేరుగా జరిగింది. ఒకటి కేబుల్. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి, చానళ్లన్నీ సంకేత రక్షణతో డిజిటల్ రూపంలోనే ఇవ్వాలని, వాటిని సెట్‌టాప్ బాక్సు ద్వారానే చూడాలని నిర్ణయించి, నాలుగు దశల్లో అమలు చేశారు. మొదటి దశలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై ఉన్నాయి. రెండో దశలోని 38 నగరాల్లో మన వైపు నుంచి హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి; వాటి గడువు 2013 మార్చి 31. మిగిలిన పట్టణాలు మూడో దశలోనూ, పల్లెలు నాలుగో దశలోనూ వచ్చాయి. మొదటి దశ గడువే 2012 జూన్ 30 నుంచి అక్టోబరు 31కి జరిగింది. మూడో దశకు 2015 డిసెంబరు 31 అనుకున్న గడువు కోర్టు కేసుల మధ్య 2017 జనవరి 31 దాకా వెళ్లింది, నాలుగో దశ 2017 మార్చి 31 దాకా సాగింది. చట్టం సిద్ధంగా ఉన్నా బాక్సులు ఇళ్లకు చేరకపోతే గడువుకు అర్థం లేదని ఈ తేదీలే చెబుతున్నాయి.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడ యాంటెన్నా ప్రసారాలను 2009 ఫిబ్రవరి 17న డిజిటల్‌కు మార్చాలని ముందే చట్టం చేశారు. పాత టీవీలకు బాక్సు కొనుక్కోవడానికి ప్రతి ఇంటికీ 40 డాలర్ల కూపన్లు రెండేసి ఇస్తామన్నారు. కూపన్ జారీ అయిన 90 రోజుల్లోగా వాడుకోకపోతే అది చెల్లదు. 2009 జనవరి నాటికి కూపన్ల సొమ్ము అయిపోయి, అడిగినవాళ్లను నిరీక్షణ జాబితాలో పెట్టవలసి వచ్చింది. చివరికి గడువును జూన్ 12కి వాయిదా వేశారు. కూపన్ ఇస్తామని ప్రకటించిన ప్రభుత్వం కూడా ఆ బాక్సు ప్రతి ఇంట్లో బిగిసిందో లేదో చూసుకోలేకపోయింది. అందుకే ఇక్కడ ఎవరికి వారే ముందుగా చూసుకోవడం, తెలిసినవారు తెలియనివారికి చేసి చూపించడం అవసరం.

రెండో దారి దూరదర్శన్ నేల మీది ప్రసారాలు. కప్పు మీది అల్యూమినియం కడ్డీల యాంటెన్నాకు అందేవి ఇవే. కీలకమైన ప్రాంతాల్లోని 50 ట్రాన్స్‌మిటర్లను మాత్రం ఉంచి, తక్కిన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నింటినీ 2022 మార్చి 31 నాటికి దశలవారీగా ఆపివేస్తామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. అందువల్ల యాంటెన్నా దిక్కు మార్చినా, కడ్డీలు కొత్తవి వేసినా, బూస్టర్ తగిలించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే చాలాచోట్ల అటువైపు నుంచి ప్రసారమే రావడం లేదు. యాంటెన్నా బాగుచేస్తామంటూ డబ్బు అడిగేవారికి ఈ సంగతి చెప్పి పంపించండి.

మొదట తీగ ఎటు నుంచి వస్తోందో చూడండి

టీవీ వెనుక గుచ్చిన తీగను చేత్తో పట్టుకుని అది ఎక్కడికి పోతోందో చివరి దాకా చూడండి. అది నేరుగా కడ్డీల యాంటెన్నాకు పోతుంటే మీరు పూర్తిగా కొత్త ఏర్పాటు చేసుకోవాలి. వీధి స్తంభం నుంచి వచ్చే కేబుల్ తీగ ఏ బాక్సూ లేకుండా నేరుగా టీవీలోకి పోతుంటే, అది ఇంకా అనలాగ్ కనెక్షనే. ఆపరేటర్‌ను బాక్సు అడగాలి. మధ్యలో బాక్సు ఉంటే మీరు ఇప్పటికే డిజిటల్‌లో ఉన్నారు, సమస్య వేరే ఎక్కడో ఉంది.

తర్వాత టీవీ వెనుక ఏ రంధ్రాలు ఉన్నాయో చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల గుండ్రటి రంధ్రాలు ఉంటే దాన్ని ఏవీ అంటారు. పసుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. పాత టీవీల్లో చాలావాటికి ఇవి ఉంటాయి. కొన్నింటికి పసుపు, తెలుపు మాత్రమే ఉంటాయి. అప్పుడు ఎరుపు తీగను వదిలేసినా శబ్దం వస్తుంది. పలుచటి టీవీలకు హెచ్‌డీఎంఐ అనే చదునైన రంధ్రం కూడా ఉంటుంది, దాన్నే వాడండి, బొమ్మ ఎంతో స్పష్టంగా ఉంటుంది. ఏవీ రంధ్రాలు కూడా లేక యాంటెన్నా రంధ్రం ఒక్కటే ఉన్న మరీ పాత టీవీకి ఆర్ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న పరికరం కావాలి. అది బాక్సు నుంచి వచ్చే సంకేతాన్ని పాత చానల్ రూపంలోకి మార్చి యాంటెన్నా రంధ్రం ద్వారా పంపిస్తుంది. బాక్సు కొనేముందే ఈ వెనుక భాగాన్ని ఫోనులో ఫొటో తీసి దుకాణానికి తీసుకువెళితే, తిరిగి తిరిగి రావలసిన పని ఉండదు.

ఏ కనెక్షన్ తీసుకోవాలి

దీనికి అందరికీ ఒకే సమాధానం లేదు, ఇంట్లో ఏం చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. తెలుగు సీరియళ్లు, సినిమా చానళ్లు రోజూ కావలసిన ఇంటికి కేబుల్ గాని, నెలవారీ రీచార్జ్ చేసుకునే డీటీహెచ్ గాని సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ అందే ఊళ్లలో ఇంటర్నెట్, టీవీ, ఫోను ఒకే తీగ మీద వస్తాయి. నెలనెలా డబ్బు కట్టే వీలు లేనివారికి, కేబుల్ తీగ చేరని తండాలకు, గూడేలకు దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో మొదలైన ఈ సేవకు నెలవారీ రుసుము లేదు. డిష్, బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే చాలు.

ఫ్రీ డిష్ గురించి అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటి ఉంది. అందులో వచ్చే ప్రైవేటు చానళ్లలో హిందీవే చాలా ఎక్కువ. దూరదర్శన్ తెలుగు చానళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. చదువుకునే పిల్లలకు పీఎం ఈ-విద్య, స్వయంప్రభ చానళ్లు వస్తాయి. ప్రైవేటు చానళ్ల స్లాట్లను ప్రసార భారతి వేలం వేస్తుంది కాబట్టి జాబితా మారుతూ ఉంటుంది; మీ ఇంట్లో తప్పనిసరిగా కావలసిన తెలుగు చానళ్లు ఇప్పటి జాబితాలో ఉన్నాయో లేవో దూరదర్శన్ ప్రకటించే జాబితా చూసుకున్నాకే కొనండి. అన్ని తెలుగు చానళ్లూ ఉచితంగా వస్తాయని నమ్మి కొని, తర్వాత ఆ డిష్‌ను బట్టలు ఆరేసుకోవడానికి వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. తెలిసి కొన్నవాళ్లకు మాత్రం ఇది చాలా మంచి ఏర్పాటు, ముఖ్యంగా వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, పాత సినిమాలు చూసే పెద్దవాళ్లకు. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాల్లో 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులను ఉచితంగా పంచడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఆమోదించిన, ప్రసార సదుపాయాలను మెరుగుపరిచే బైండ్ పథకంలో వీలు కల్పించింది. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నవారు కొనేముందు పంచాయతీలో ఒకసారి అడిగి చూడటం మంచిది.

బాక్సు కొనేటప్పుడు మూడు విషయాలు గమనించండి. దాని మీద బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, ముద్ర ఉండాలి. ఫ్రీ డిష్ కోసమైతే అది ఎంపెగ్-4 రకం కావాలి, ఎందుకంటే చవకగా దొరికే పాత ఎంపెగ్-2 బాక్సుకు కొన్ని చానళ్లే వస్తాయి. పాత టీవీ కోసమైతే బాక్సుకు ఏవీ రంధ్రం తప్పక ఉండాలి, హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న బాక్సు పనికిరాదు. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి: ఒక కేబుల్ సంస్థ బాక్సు మరో సంస్థ తీగకు పని చేయదు, డీటీహెచ్ బాక్సులూ అంతే. బంధువులు వాడి వదిలేసిన బాక్సు ఉచితంగా వచ్చిందని తెచ్చుకునే ముందు అది ఏ సంస్థదో చూడండి.

డిష్ బిగించడం

కేబుల్‌కైతే ఆపరేటర్ మనిషే వచ్చి బిగిస్తాడు. ఫ్రీ డిష్‌ను చాలామంది సొంతంగా బిగించుకుంటారు, ఓపిక ఉంటే అది సాధ్యమే. అందుకే ఈ భాగాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉంటుంది. మన రాష్ట్రాలు దానికి పడమరగా, ఉత్తరంగా ఉన్నాయి కాబట్టి డిష్ ఆగ్నేయానికి చూడాలి. ఇంట్లో ఆగ్నేయ మూల ఏదో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇల్లు దిక్కులకు సరిగ్గా కట్టి ఉంటే, పిట్టగోడ మీద నిలబడే డిష్‌కు అదే మంచి ఆనవాలు. ఫోనులోని దిక్సూచితో చూసుకుంటే, ఉత్తరాన్ని సున్నాగా తీసుకుని తూర్పు మీదుగా లెక్కపెట్టినప్పుడు, హైదరాబాదులో సుమారు 138 డిగ్రీలు, విజయవాడలో 141, విశాఖపట్నంలో 149, తిరుపతిలో 133 దగ్గర ఉపగ్రహం ఉంటుంది. ఫోనును డిష్ ఇనుముకు ఆనించి చూస్తే దిక్సూచి తప్పు చెబుతుంది, కాబట్టి నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి.

ఎత్తు విషయానికి వస్తే, ఆదిలాబాదు నుంచి తిరుపతి దాకా ఉపగ్రహం ఆకాశంలో సుమారు 61 నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే బాగా పైకే. ఆ దిశలో డిష్‌కు పది అడుగుల దూరంలో ఉన్న చెట్టు డిష్ కంటే పదిహేను అడుగులకు మించి ఎత్తు లేకపోతే అది అడ్డం కాదు. అయితే ఇళ్ల మీద వాడే డిష్‌లలో ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు కడ్డీ చివర ఉండి సంకేతాన్ని అందుకునే చిన్న పరికరం, కేంద్రానికి కాక కింది అంచు వైపుకు ఉంటుంది కాబట్టి, డిష్ ముఖం అసలు ఎత్తు కంటే ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి తప్పనుకుని పూర్తిగా పైకి ఎత్తేయకండి. డిష్ వెనుక ఉన్న కొలత బద్ద మీది అంకెను నమ్మండి. ఆ బద్ద సరిగా చూపాలంటే డిష్ నిలబెట్టే గొట్టం నిలువుగా ఉండాలి, మేస్త్రీ వాడే తూకం గుండుతో ఒకసారి చూసుకోండి.

గొట్టాన్ని గోడకు గట్టిగా బిగించి, డిష్‌ను చేత్తో తిప్పగలిగేంత వదులుగా ఉంచండి. ఎల్ఎన్‌బీ నుంచి బాక్సు దాకా, డిష్‌లకు వాడే ఆర్‌జీ-6 రకం తీగను ఒకే ముక్కగా లాగండి. మధ్యలో అతుకు ఉంటే వానాకాలంలో నీరు దిగి సంకేతం పోతుంది. ఎల్ఎన్‌బీ దగ్గర తీగ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వంపు పెడితే వాన నీరు లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. బాక్సు మెనూలో ఎల్ఎన్‌బీ రకాన్ని యూనివర్సల్‌గా, అంటే 9750/10600గా, ఉపగ్రహాన్ని జీశాట్-15గా ఎంచుకుంటే తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది బలం, రెండోది నాణ్యత. బలం గీత డిష్ ఎటు చూసినా కొంత చూపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. నాణ్యత గీత కదిలితేనే ఉపగ్రహం దొరికినట్టు.

ఒకరు టీవీ దగ్గర కూర్చుని గట్టిగా చెబుతుండగా మరొకరు డిష్‌ను అడ్డంగా, చాలా కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక్కో కదలిక తర్వాత రెండు మూడు సెకన్లు ఆగాలి, ఎందుకంటే బాక్సుకు సంకేతాన్ని గుర్తించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. ఆగకుండా తిప్పుకుంటూ ఉపగ్రహాన్ని దాటిపోతారు. అడ్డంగా దొరక్కపోతే ఎత్తును రెండు డిగ్రీలు మార్చి మళ్లీ మొదటి నుంచి తిప్పండి. నాణ్యత కనిపించాక ఎల్ఎన్‌బీని దాని బిగింపులోనే గుండ్రంగా కొద్దిగా తిప్పి చూడండి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు కాబట్టి ఎల్ఎన్‌బీకి వంపు అవసరం. హైదరాబాదులో అది దాదాపు 40 డిగ్రీలు. దాన్ని నిటారుగా వదిలేస్తే కొన్ని చానళ్లు అసలే రావు. నాణ్యత గరిష్ఠంగా ఉన్నచోట బోల్టులన్నీ బిగించి, బిగించేటప్పుడు డిష్ కదిలిందేమో మళ్లీ గీత చూసి, అప్పుడు ఆటో స్కాన్ నొక్కండి.

పెంకుటింటి మీద, రేకుల మీద ఎక్కి ఈ పని చేయకండి. నేల మీద గొట్టం పాతినా ఆకాశం కనిపిస్తే చాలు, ఎత్తు పెరిగినంత మాత్రాన సంకేతం మెరుగు కాదు. కరెంటు తీగలకు దగ్గరగా ఇనుప గొట్టం ఎత్తవద్దు. ఉరుములు మెరుపులు వచ్చేటప్పుడు బాక్సు ప్లగ్గు తీసి, డిష్ తీగను కూడా విప్పి ఉంచండి.

బొమ్మ ఆగిపోతే

అనలాగ్‌లో సంకేతం తగ్గితే బొమ్మ మీద చుక్కలు పెరుగుతాయి, నీడలు పడతాయి, అయినా మాట వినబడుతూనే ఉంటుంది. డిజిటల్‌లో అలా ఉండదు. ఒక హద్దు దాకా బొమ్మ పూర్తిగా వస్తుంది, అది దాటితే గడులు గడులుగా విడిపోయి ఆగిపోతుంది. అందుకే నాణ్యత గీత బొమ్మ వచ్చేంత మాత్రం ఉంటే సరిపోదు, వానకు కొంత మిగులు ఉండేలా పైకి తేవాలి. జోరు వానలో పది నిమిషాలు ఆగడం ఏ డిష్‌కైనా సహజమే. మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు, మధ్యాహ్నానికి ముందు కొన్ని నిమిషాలు ప్రసారం పోయి తనంతట అదే వస్తుంది. ఆ కొద్ది రోజుల్లో డిష్‌ను కదిలించి ఉన్న సంకేతం పోగొట్టుకోవద్దు. కొత్త చానళ్లు చేరినప్పుడు, ఉన్న చానల్ కనిపించనప్పుడు ముందుగా మళ్లీ స్కాన్ చేయండి. చాలా సందర్భాల్లో అదే సరిపోతుంది.

పాత టీవీ తెర దాదాపు చదరంగా ఉంటుంది, నేటి ప్రసారాలు వెడల్పుగా వస్తాయి. అందువల్ల వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాలు రెండు పక్కలా తెగిపోవచ్చు, లేదా మనుషులు సన్నగా సాగినట్టు కనిపించవచ్చు. బాక్సు సెట్టింగుల్లో తెర ఆకారాన్ని 4:3గా, లెటర్‌బాక్స్‌గా మార్చితే పైనా కిందా నల్ల పట్టీలతో బొమ్మ మొత్తం కనిపిస్తుంది.

పెద్దవాళ్లకు చేసి చూపించడం

బాక్సు బిగించి వెళ్లిపోతే పని సగమే అయినట్టు. పాత టీవీకి ఒకే రిమోటు ఉండేది, లేదా అసలు ఉండేది కాదు. ఇప్పుడు రెండున్నాయి. టీవీ రిమోటుతో పొరపాటున ఒక మీట నొక్కితే టీవీ ఏవీ నుంచి మామూలు చానల్‌కు మారి, తెరంతా నీలంగా అవుతుంది. టీవీ పాడైందనుకుని నాన్నగారు నెలల తరబడి చూడటం మానేయవచ్చు. అందుకని టీవీ రిమోటులో ఏవీ మీటకు ఎర్ర స్టిక్కరు అంటించి, తెర నీలంగా అయితే ఇది నొక్కమని చెప్పండి. టీవీ శబ్దాన్ని ఒక మోస్తరుగా పెట్టి, ఇకపై బాక్సు రిమోటుతోనే అన్నీ చేసేలా అలవాటు చేయండి. వాళ్లు చూసే ఏడెనిమిది చానళ్ల అంకెలను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి టీవీ పక్కన తగిలించండి. మీరు చేసి చూపించాక, వాళ్ల చేత చేయించండి; మరునాడు ఫోను చేసి మళ్లీ చేయించండి. విసుక్కుంటే వాళ్లు మరోసారి అడగరు, టీవీ కట్టేసి కూర్చుంటారు.

కేబుల్ గాని, డీటీహెచ్ గాని తీసుకుంటే కనెక్షన్ పత్రం నకలు, బాక్సు సొంతమా అద్దెదా అన్న రాత, ప్రతి నెలా రసీదు అడిగి తీసుకోండి. చానళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు 2019 నుంచి అమలులో ఉంది. ఆపరేటర్ ఇచ్చిన ప్యాకే తీసుకోవాలన్న నియమం లేదు. కనెక్షన్‌కు కట్టే నెట్‌వర్క్ రుసుముకు అప్పట్లో 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జులైలో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితిని తీసివేసింది కాబట్టి, ఒకే ఊళ్లో రెండు సంస్థల ధరలు పోల్చి చూసుకోవడం ఇప్పుడు మరింత అవసరం. కేబుల్ కనెక్షన్ పెద్దవాళ్ల పేరు మీదే ఉంచి, ఫోను నంబరు మాత్రం రీచార్జ్ చేసే మీది ఇవ్వండి. టీవీ ఆగిపోతుందని బెదిరించి ఓటీపీ అడిగే ఫోన్లకు బదులు చెప్పవద్దని కూడా వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇన్నీ చేశాక కూడా పాత టీవీని తీసేయాలనే అనుకుంటే, దాన్ని పగలగొట్టి చెత్తలో వేయవద్దు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, ట్యూబు పగిలితే ముక్కలు ఎగిరి గాయాలు కూడా అవుతాయి. ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి గాని, కొత్త టీవీ అమ్మే దుకాణంలో మార్పిడి కింద గాని ఇవ్వండి. టీవీ పని చేస్తుంటే, బాక్సుతో సహా అంగన్‌వాడీకో, ఊరి గ్రంథాలయానికో ఇచ్చి, ఏవీ మీట ఏదో అక్కడివాళ్లకు కూడా చూపించి రండి.